మీ నాన్నగారితో నువ్వే మాట్లాడాలి

(నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం.)

నమస్కారం మేడమ్. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. నాన్న వేరుశనగ వేస్తారు. ఒకప్పుడు చీనీ (బత్తాయి) తోట కూడా ఉండేది. వచ్చే నెలతో నా బీటెక్ సివిల్ పూర్తవుతుంది. కంప్యూటర్ సైన్స్ రాలేదని ఏడుస్తూ చేరాను. మొదటి రెండేళ్లు ఎందుకు చదువుతున్నానో తెలియకుండానే గడిచిపోయాయి. రెండో ఏడాదిలో ఒక సబ్జెక్టు తప్పి మళ్లీ రాసి గట్టెక్కాను. మూడో ఏడాదిలో జలశాస్త్రం మొదలయ్యాక, క్లాసు అయిపోతే అయ్యో అనిపించడం మొదటిసారి జరిగింది. ఎన్‌ఎస్‌ఎస్ శిబిరానికి వెళ్లినప్పుడు ఊరి బావుల్లో నీటిమట్టం కొలిచాం. చివరి ఏడాది ప్రాజెక్టు కూడా భూగర్భ జలాల మీదే చేశాను. నా దారి ఇదేననిపిస్తోంది. ఎంటెక్ కోసం గేట్ రాశాను. అర్హత వచ్చింది కానీ మంచి ర్యాంకు రాలేదు. ఈలోగా క్యాంపస్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. నెలాఖరులోగా ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసి పంపాలి. నాన్న ఉద్యోగంలో చేరమంటున్నారని అమ్మ చెప్పింది. మళ్లీ చదువంటే ఒప్పుకోరని, సంబంధాలు చూస్తారని కూడా చెప్పింది. గేట్ రాసినట్టు నాన్నకు తెలియదు. కాలేజీ పరీక్ష అని అమ్మ సర్దిచెప్పింది. నేను కాలేజీలో చేరిన ఏడాదే మా మూడో బోరు కూడా ఎండిపోయింది. అప్పటి నుంచి నాన్న ఎవరితోనూ పెద్దగా మాట్లాడరు. ఉద్యోగంలో చేరాలా, చదవాలా? ఈ ఇష్టం నిజమైనదేనా, కాలేజీ వదిలితే పోయేదా?

– ఒక విద్యార్థిని

అమ్మా,

నువ్వు అడిగిన రెండు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను. అవి నువ్వు అనుకుంటున్నంత పెద్దవి కావు.

ఉద్యోగమా, చదువా అన్నది ఈ నెలాఖరుతో తెగిపోయే విషయం కాదు. గేట్ స్కోరు ఫలితాలు వచ్చిన రోజు నుంచి 3 ఏళ్లు చెల్లుతుంది. ఈ ర్యాంకుతో కోరుకున్న చోట సీటు రాకపోతే వచ్చే ఫిబ్రవరిలో మళ్లీ రాయవచ్చు. ఉద్యోగం చేస్తూ రాసి సీటు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, ఇంట్లో కూర్చుని చదివి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. వరంగల్ ఎన్‌ఐటీలో నీటి వనరుల ఇంజనీరింగ్‌లో ఎంటెక్ ఉంది. హైదరాబాద్ జేఎన్‌టీయూలో నీటి వనరులకే ఒక కేంద్రం ఉంది. గేట్ అర్హతతో గుర్తింపు ఉన్న సంస్థలో చేరితే చదివే రెండేళ్లూ నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. కేంద్ర భూగర్భ జల మండలిలో శాస్త్రవేత్త కావాలన్నది నీ మనసులో ఉంటే, ఆ పోస్టులకు యూపీఎస్‌సీ పెట్టే భూవిజ్ఞాన శాస్త్రవేత్తల పరీక్షకు జియాలజీలోనో హైడ్రోజియాలజీలోనో పీజీ అడుగుతారు. సివిల్ ఎంటెక్ ఆ తలుపు తెరవదు. ఏ తలుపు కావాలో ముందు తేల్చుకుని, ఆ తర్వాత దరఖాస్తులు పెట్టు.

ఇక నీ ఇష్టం నిజమైనదా కాదా అన్న సందేహం. శిబిరంలో ఎండలో నిలబడి బావుల్లోకి టేపు దించి మట్టాలు కొలిచావు. ఎవరూ బలవంతం చేయకుండానే ప్రాజెక్టుకు మళ్లీ అదే అంశం తీసుకున్నావు. నాలుగు పేజీల్లో మూడు పేజీలు దాని గురించే రాశావు. ఇంతకంటే రుజువు ఎవరు తెచ్చిస్తారు? ఇరవై ఒకటో ఏట పుట్టిన ఇష్టం నలభై ఏళ్లూ నిలుస్తుందని హామీ పత్రం ఎవరికీ దొరకదు. దొరికిన దారిలో నడవడం మొదలుపెట్టు, అంతే.

నీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఈ రెండూ కాదు. మీ నాన్నగారి గురించి రాసిన చోట్లన్నీ మళ్లీ చదివాను. ఉద్యోగంలో చేరమన్నారు, చదువుకు ఒప్పుకోరు, సంబంధాలు చూస్తారు. వీటిలో ఏ ఒక్కటీ ఆయన నోటి నుంచి నువ్వు విన్నది కాదు. అన్నీ మీ అమ్మగారు చెప్పినవే. నీ గురించి ఆయనకు తెలిసినవి కూడా అమ్మ చెప్పినవే. నువ్వు సబ్జెక్టు తప్పినట్టు ఆయనకు తెలియదు. గేట్ రాసినట్టు తెలియదు. మూడో ఏడాది నుంచి నీ మనసు దేని చుట్టూ తిరుగుతోందో కూడా తెలియదు. ఒకే ఇంట్లో ఉంటూ, పండగకు ఒకే పంక్తిలో కూర్చుని తింటూ, నాలుగేళ్లుగా తండ్రీ కూతుళ్లు ముఖాముఖి ఒక్క ముఖ్యమైన మాట అనుకోలేదు. నీ అసలు సమస్య ఇది. ఉద్యోగం ఉన్నా లేకపోయినా, సీటు వచ్చినా రాకపోయినా ఇది ఇలాగే ఉంటుంది, నువ్వు కదిలిస్తే తప్ప.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదని నాకు తెలుసు. మన ఇళ్లలో తండ్రికి ఏదైనా చెప్పాలంటే అమ్మ వైపు చూడటం పసితనం నుంచి అలవాటు. విహారయాత్రకు డబ్బు కావాలన్నా అమ్మే, మార్కులు తగ్గాయన్నా అమ్మే. చిన్నప్పుడు అది ముద్దుగానే ఉంటుంది. ఇరవై ఏళ్లు దాటినా అదే పద్ధతి సాగితే రెండు వైపులా మనుషులే మారిపోతారు. మీ అమ్మ నీకు చెప్పేటప్పుడు ఆయన మాటలో ఉన్న కరుకుదనం కొంత తీసేస్తారు, మరికొంత తన భయం కలుపుతారు. ఆయనకు చెప్పేటప్పుడు నీ మాటలో సగం మింగేస్తారు. అబద్ధం చెప్పాలని కాదు, ఇంట్లో గొడవ జరగకూడదని. ఫలితం ఏమైంది? నీకు తెలిసిన నాన్న అమ్మ మాటల్లోని నాన్న. ఆయనకు తెలిసిన కూతురు కూడా అలాంటిదే. నిన్ను ఉద్యోగంలో చేరమన్న మనిషికి అసలు ఇంకో దారి ఉందని ఎవరైనా చెప్పారా? చెప్పని దారిని ఆయన వద్దన్నారని ఎలా అనగలవు?

మీ అమ్మగారి విషయంలో నాకు కోపం కూడా వచ్చింది. ఆమె మీద కాదు, నీ మీద. గేట్ రాసిన రోజు ఆమె చేత భర్తకు అబద్ధం చెప్పించావు. సబ్జెక్టు పోయినప్పుడు ఫీజు డబ్బు ఏదో సర్ది, ఆ సంగతి ఆయన చెవిన పడకుండా ఆమే చూసుకుని ఉంటారు. రేపు ఏ బంధువు నోటనో ఇవన్నీ బయటపడితే మాట పడేది ఎవరు? నువ్వు హాస్టల్లో ఉంటావు, లేదా ఏ నగరంలోనో ఉద్యోగంలో ఉంటావు. ఆ ఇంట్లో, ఆ మనిషి ఎదురుగా, రోజూ కూర్చోవాల్సింది ఆమె. "తల్లీ కూతుళ్లు కలిసి నా కళ్లకు గంతలు కట్టారు" అని ఆయన అంటే, పాతికేళ్ల సంసారంలో ఆమె సంపాదించుకున్న నమ్మకం ఒక్కసారిగా పోతుంది. నీ చదువు కోసం ఆమెను అంత పణంగా పెట్టే హక్కు నీకు లేదు. అమ్మ ఎప్పుడూ కాదనదు కాబట్టి ఆమెకు బరువు తెలియదని పిల్లలు అనుకుంటారు. ఆమెకు తెలుస్తూనే ఉంటుంది, పైకి చెప్పదు, అంతే.

ఇక నీ ఉత్తరంలో చివర ఎక్కడో ఇరికించి రాసిన మాట దగ్గరకు వస్తాను. కాలేజీలో చేరిన ఏడాదే మూడో బోరు ఎండిపోయిందని ఒక్క వాక్యంలో రాసి దాటేశావు. క్లాసు గురించి, శిబిరం గురించి, ప్రాజెక్టు గురించి పేజీలు నింపిన అమ్మాయివి ఆ బోరు దగ్గర ఆగలేదు. నీ క్లాసులో అరవై మంది అదే పాఠం విన్నారు. వాళ్లలో ఎందరికి అది జీవితం అయింది? నీకు అయింది. ఎందుకంటే మీ చేలో బోరు వేస్తున్న రాత్రి రిగ్గు చప్పుడు వింటూ పడుకున్న పిల్లవు నువ్వు. చీనీ చెట్లు ఒక్కొక్కటే ఎండుతుంటే, వాటిని కొట్టించి కట్టెలకు అమ్ముతుంటే చూసిన పిల్లవు. దారి కాలేజీలో దొరికిందని నువ్వు అనుకుంటున్నావు. నాకు మాత్రం అది మీ చేలోనే మొదలైందనిపిస్తోంది. నీ ఇష్టం ఎవరి నుంచి వచ్చిందో ఆ మనిషికే దాని గురించి ఒక్క ముక్క తెలియకపోవడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది.

ఎందుకు చెప్పలేదో కూడా ఊహించగలను. ఆయన కోపానికి భయపడి కాదు. కోప్పడే మనిషి అని నువ్వు ఎక్కడా రాయలేదు. మాట్లాడరు అని రాశావు. భూగర్భ జలాలు చదువుతానంటే, "నువ్వు తప్పు చోట బోరు వేయించావు, అప్పు చేసి నీళ్లు లేని చోట తవ్వించావు" అని తండ్రిని వేలెత్తి చూపినట్టు అవుతుందని నీ భయం. ఆ నొప్పి చూడలేక నీ సంతోషాన్ని కూడా దాచేశావు. ప్రేమ ఉంది కాబట్టే దాచావు, అది అర్థమవుతోంది. కానీ దీనివల్ల ఆయనకు జరుగుతున్న నష్టం నువ్వు చూడటం లేదు.

మీ జిల్లా నేల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన. అడుగున గట్టి రాయి. నీళ్లు ఉండేది పైనున్న చివికిన పొరలో, ఆ కింద రాతి పగుళ్లలో. ఆ పగులు తగిలితే నీళ్లు, పక్కకు తప్పితే దుమ్ము. అందుకే గట్టుకు ఈ పక్క బోరు పోస్తుంటే ఆ పక్కది ఎండిపోతుంది. పైగా ఊళ్లో అందరి మోటార్లూ తోడేది ఆ కొద్ది నీటినే కాబట్టి, మొదట బాగా పోసిన బోరు కూడా నాలుగేళ్లకు బుడగలు కక్కుతుంది. ఇదంతా నీకు పాఠ్యపుస్తకంలో ఉంది. మీ నాన్నగారికి ఎవరు చెప్పారు? నీళ్ల జాడ చెబుతానని కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచినవాడు ఒక చోటు చూపించాడు, రిగ్గువాడు అడుగుకు ఇంత అని లెక్క తీసుకుని వెళ్లిపోయాడు. మూడుసార్లు అలా జరిగాక రైతు ఏమనుకుంటాడు? తన రాత బాగాలేదనుకుంటాడు. ఊళ్లో నలుగురూ అదే అంటారు. నాలుగేళ్లుగా ఆయన మాట్లాడకపోవడానికి సగం కారణం ఇదేనేమో ఆలోచించు. అది రాత కాదు, రాయి అని చెప్పగలిగిన మనిషి ఆ ఇంట్లో నువ్వొక్కతివే. నువ్వేమో ఆయన చిన్నబుచ్చుకుంటారని నోరు మూసుకున్నావు.

కాబట్టి ఊరికి వెళ్లు. ఫోనులో కాదు, ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. తొలకరి ముందు రోజులు, చేను సిద్ధం చేస్తూ ఉంటారు. పొద్దున ఆయనతో పాటు నువ్వూ చేనికి వెళ్లు. పాఠం చెప్పడానికి కాదు, అడగడానికి. మూడు బోర్లూ ఎన్ని అడుగులు వేశారు, కేసింగ్ ఎంతవరకు దించారు, ఏ లోతులో రాయి తగిలింది, పైకొచ్చిన పొడి ఏ రంగులో ఉంది, ఎక్కడ తేమ కనిపించింది, ఎన్ని నెలలు పోసింది, ఏ వేసవిలో తగ్గింది. రిగ్గు పక్కన తెల్లవార్లూ నిలబడి చూసిన మనిషి అడుగడుగునూ మర్చిపోడు. నీ ప్రాజెక్టు నివేదికలో లేని సమాచారం ఆయన దగ్గర ఉంది. నోటు పుస్తకం తీసుకెళ్లి రాసుకో. కొబ్బరికాయ సంగతి మాత్రం ఎత్తకు. ఆయనే ఎత్తితే విను, నవ్వకు. నీళ్లు ఎక్కడున్నాయో శాస్త్రంగా చెప్పేవాడు ఆ రోజు ఊరికి వచ్చి ఉంటే ఆయన అతన్నే అడిగేవారు.

చదువు లేని రైతుకు ఇదంతా ఏం ఎక్కుతుందని ఎవరైనా అంటే నమ్మకు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో ఒక పథకం మొదలైంది. పేరు రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాల నిర్వహణ. నెదర్లాండ్స్ డబ్బు ఇచ్చింది, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ నడిపించింది. అనంతపురంతో కలిపి ఏడు కరవు జిల్లాల్లో రైతులే వానను కొలిచారు, తమ బోర్లలో నీటిమట్టం తామే కొలిచి గోడల మీద రాశారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీళ్లకు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయవచ్చో లెక్క కట్టారు. వాళ్లలో పెద్ద చదువులు చదివినవాళ్లు తక్కువ. ఆడవాళ్లూ పాల్గొన్నారు. మీ నాన్నగారి వయసు రైతుల్లో ఆ సమావేశాలకు వెళ్లినవాళ్లు మీ చుట్టుపక్కల ఇంకా ఉండే ఉంటారు. ఆ మాట ఎత్తి చూడు, నీకంటే ఆయనకే ఎక్కువ తెలిసి ఉండవచ్చు.

చేలో ఆ మాటలయ్యాక, ఇంటికి వచ్చి, అమ్మ కూడా ఉన్నప్పుడు మిగిలినవి చెప్పు. రెండో ఏడాదిలో సబ్జెక్టు తప్పాను. గేట్ రాశాను. మీకు చెప్పవద్దని అమ్మను బతిమాలింది నేనే, ఆమెది తప్పు లేదు. ఈ మూడూ ఈ వరుసలోనే చెప్పు. మూడోదాన్ని మింగేయకు, మొదటి రెండింటికంటే అదే ముఖ్యం. ఆ తర్వాత డబ్బు లెక్క చెప్పు. ఉపకార వేతనం ఎంత, హాస్టలుకు, భోజనానికి ఎంత పోతుంది, ఇంటి నుంచి ఎంత అవసరం పడుతుంది లేదా పడదు, ఉద్యోగంలో అయితే జీతం ఎంత, అప్పుకు ఎంత పంపగలవు. అప్పు ఉన్న ఇంటి ఆడపిల్ల తన చదువు గురించి మాట్లాడేటప్పుడు ఆ అప్పు లేనట్టు మాట్లాడకూడదు. ఇది నా గట్టి నమ్మకం. నీ కోరికను చంపుకోమనడం లేదు. లెక్క కాగితం మీద పెట్టు అంటున్నాను.

ఆయన అనుమతి ఇవ్వకపోతే ఏం చేయాలని అడుగుతావు. నీకు ఇరవై ఒకటి నిండాయి. అనుమతి వేరు, చెప్పడం వేరు. తండ్రికి చెప్పకుండా బతకడాన్ని నేను ఒప్పుకోను. తండ్రి వద్దన్న ప్రతిదీ మానేయాలని కూడా అనను. ఆయన వద్దంటే ఎందుకో ఆయన నోటితోనే విను. అప్పు గురించి అయితే, ఏడాదో రెండేళ్లో ఉద్యోగం చేసి, కొంత తీర్చి, ఆ తర్వాత చదువుకుంటానని నువ్వే ఒక గడువు చెప్పు. గేట్ ఎక్కడికీ పోదు. ఊళ్లో వాళ్లు ఏమనుకుంటారో అన్నది కారణమైతే, ఆ కారణం నాకు సరిపోదని మర్యాదగానే చెప్పు. కోప్పడితే కోప్పడనివ్వు. బిడ్డ మీద కోప్పడే హక్కు ఆయనకు ఉంది, ఆ కోపం ముందు నిలబడి మాట్లాడాల్సిన బాధ్యత నీకు ఉంది. రెండు రోజులు మాట్లాడకపోయినా కంగారు పడకు. ఒక్క పని మాత్రం చేయకు. ఆయన మనసులో ఏముందో కనుక్కోమని అమ్మను మళ్లీ పంపకు. కాఫీ గ్లాసు నువ్వే తీసుకెళ్లి ఇవ్వు, నువ్వే అడుగు.

సంబంధాల మాట ఎక్కువ పెంచను. ఆయన చూస్తారని అమ్మ అన్నారు, అంతవరకే మనకు తెలిసింది. అది ఆయన ఆలోచనా, అమ్మ భయమా, లేక మేనమామ ఎవరైనా పెట్టిన ఒత్తిడా అన్నది ఎదురుగా కూర్చున్న రోజే తెలుస్తుంది. పెళ్లి వద్దనుకుంటే వద్దని, రెండేళ్లు ఆగమనాలంటే ఆగమని నువ్వే చెప్పు. ఇలాంటి మాట కూతురు చెబితే తండ్రికి వినిపించే తీరు వేరు, భార్య ద్వారా వింటే వేరు.

ఇంకొకటి. అన్నీ అయ్యాక మీ అమ్మగారిని నీకేం అనిపిస్తోంది అని అడుగు. నాలుగు పేజీల్లో ఆమె మోసిన మాటలు ఎన్నో ఉన్నాయి, ఆమె సొంత అభిప్రాయం ఒక్కటీ లేదు. కూతురు చదవాలని ఉందా, దగ్గర్లో ఉండాలని ఉందా, చీనీ తోట పోయాక ఆమె ఎలా ఉన్నారు? బోరు గురించి నాన్నను అడిగినట్టే ఆమెనూ కూర్చోబెట్టి అడుగు. ఆమె జవాబు నీ చదువుకు అనుకూలంగా ఉండకపోవచ్చు. అయినా వినాలి.

సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లకు నెలాఖరులోగా జవాబు చెప్పాలన్నావు కాబట్టి వచ్చే శని, ఆదివారాల్లోనే ఊరికి బయలుదేరు. వాళ్లు పంపిన కాగితం పూర్తిగా చదువు. ఇన్నేళ్లు మానకూడదని, మధ్యలో మానేస్తే ఇంత కట్టాలని షరతు ఏదైనా ఉంటే దాన్ని పెన్నుతో గుర్తు పెట్టుకుని, మీ నాన్నగారికి చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం చెయ్యి.